నట్టింటి సముద్రానికి పట్టిన పాకురు

అంకిత సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. ఆమెకు తెలిసిన సముద్రమంతా తాండూరులో, అత్తగారింటి హాల్లో, నున్నటి బండల గచ్చు మీద ఇనుప బల్ల ఎక్కి కూర్చుని ఉండేది. మంచమంత పొడవున్న అద్దాల తొట్టి అది. అడుగున తెల్లటి ఇసుక, ఇసుక మీద గుహల్లా పేర్చిన రాళ్లు, రాళ్ల మీద పగడాలు, వాటి మధ్య చేపలు. మధ్యాహ్నం వెనక వీధిలోని పప్పు మిల్లు రొద సన్నగా వినిపిస్తూ ఉంటే, తొట్టిలోని నీలం వెలుగు పైకప్పు మీద అలలుగా నడిచేది. అంకిత చేటలో కందిపప్పు పోసుకుని, గోడకు ఆనుకుని కింద కూర్చునేది. కాసేపటికి చేతులు రాళ్లేరడం మరిచిపోయేవి. తనూ నీళ్లలోనే ఉన్నట్టు, ఎవరో మెల్లగా అటూ ఇటూ ఊపుతున్నట్టు అనిపించేది.

చూస్తూ కూర్చోవడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. వికారాబాద్ స్టేషన్ రోడ్డులో తండ్రికి కిరాణా కొట్టు. ఇంటర్ మొదటి ఏడు చదువుతుండగా తల్లికి పక్షవాతం వచ్చింది. ఇంట్లో వంట, కొట్టులో గల్లా రెండూ అంకిత మీద పడ్డాయి. కాలేజీ సంచి మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. అప్పటికే తక్కువ మాట్లాడే పిల్ల, కొట్టులో కూర్చున్నాక ఇంకా తగ్గించేసింది. వచ్చినవాళ్ల మొహాల వైపు చూడాలంటే సిగ్గు కాబట్టి చేతులు చూసేది. బెల్లం అడిగే చెయ్యి వేరు, అప్పు అడిగే చెయ్యి వేరు. చెయ్యి చూడగానే మనిషి ఏ బాధలో ఉన్నదీ ఆమెకు తెలిసిపోయేది. తెలిసినా ఎవరికీ చెప్పేది కాదు.

తాండూరు పప్పు మిల్లు వాళ్ల ఇంటికి కోడలిగా వచ్చాక కూడా అంతే. భర్త కిషన్ మంచివాడు, అతనిదీ నెమ్మది మాటే. అత్తమ్మ కస్తూరమ్మ మాత్రం ఇంట్లో అందరి వంతూ తానే మాట్లాడేది. అందువల్ల అంకిత మౌనం ఎవరికీ లోటుగా కనిపించలేదు.

పెళ్లయిన రెండో ఏడు ఆమె కడుపుతో ఉండింది. ఐదో నెలలో అది నిలవలేదు. ఆస్పత్రి నుంచి నేరుగా వికారాబాద్ పుట్టింటికి వెళ్లింది. అవి వానాకాలపు రోజులు. డాబా మీదికి ఎక్కితే అనంతగిరి గుట్టలు కనిపించేవి కావు, మబ్బు మాత్రమే కనిపించేది. చూడవచ్చినవాళ్లు వాన గురించి, పంటల గురించి, ఆమె సన్నబడిపోవడం గురించి మాట్లాడి వెళ్లేవారు. అసలు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే పాపం ఏడుస్తుందని వాళ్ల దయ. ఎత్తకపోవడం వల్ల, ఆ ఐదు నెలలు నిజంగా జరిగాయో లేదో తనకే అనుమానం వచ్చేది.

కిషన్ వచ్చి రైల్లో తాండూరు తీసుకుపోయాడు. హాల్లో అడుగుపెట్టేసరికి సముద్రం ఉంది.

"దోస్తు ఒకడు హైదరాబాద్‌ల ఇల్లు ఖాళీ చేస్తుండె. ఊకెనే పోతదని తెచ్చిన," అన్నాడు కిషన్. అని వెంటనే మిల్లుకు వెళ్లిపోయాడు.

కస్తూరమ్మ మొదటి వారమంతా ఆ గోడ పక్కనుంచి నడవలేదు. "ఈ ఇంట్ల ఉల్లిగడ్డనే మొన్నమొన్న అడుగుపెట్టింది. ఇగ చాపలు గూడ వచ్చినయి."

"తినేటందుకు గాదమ్మా, చూసేటందుకు."

"చూసేటందుకు గింత తొట్టా సేటూ?" అంది పెద్దేముల్ నుంచి ఆటోలో పనికి వచ్చే యాదమ్మ, చీపురు ఆపి. "మా ఇంట్లయితే ఈపాటికి పులుసు గూడ అయిపోవు."

"ఛీ ఛీ, నోరు మూస్కోవే," అంది కస్తూరమ్మ. కానీ తొట్టి వైపు మొదటిసారి తిరిగి చూసింది. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న జంట చేపలు ఆమె వైపే చూస్తున్నాయి. "పాపం, ఆకలితోటున్నట్టున్నయి," అంది.

తొట్టి పనులు కిషన్ అంకితకు ఒక్కొక్కటే నేర్పాడు. ఆవిరైపోయిన నీటి స్థానంలో మంచినీళ్లు పోయాలి, ఉప్పు ఎక్కడికీ పోదు గనక మళ్లీ వేయకూడదు. మేత చిటికెడే వెయ్యాలి, చేపలు తినేదాకా నిలబడి చూడాలి, మిగిలితే అది నీళ్లలోనే కుళ్లుతుంది. అద్దానికి పట్టే పొరను గీకాలి. భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని అంతసేపు మాట్లాడుకున్నది అప్పుడే, ఉప్పు గురించీ నీళ్ల గురించీ.

పాకురు ఎప్పుడు మొదలైందో అంకితకు గుర్తుంది, తొట్టి వచ్చిన రెండేళ్లకు. వెనక మూలనున్న రాయి మీద లేత పచ్చటి నూగు కనిపించింది, పసిపిల్లల మెడ మీది నూగులాగా. అందంగానే ఉంది. చూస్తుండగానే అది సాగింది. వేలెడు పొడవైంది, పక్క రాయికి పాకింది. నీళ్లు కదిలినప్పుడల్లా పచ్చటి వెంట్రుకలు ఒక పక్కకు వాలేవి, మళ్లీ ఇంకో పక్కకు వాలేవి. ఎవరో కనపడనివాళ్లు దువ్వుతున్నట్టుగా. తర్వాత పగడాల మీదికి వచ్చింది. పూలగుత్తిలా విచ్చుకునే పగడం ఒకటి ముడుచుకుపోయి, ఇక విచ్చుకోవడం మానేసింది.

"మీ సముద్రానికి గూడ గడ్డి మొలిచె గద చిన్న సేటమ్మా," అంది యాదమ్మ. "ఇడిస్తే మా బర్రె మేసి పోతది."

కిషన్ నవ్వలేదు. మిల్లు నుంచి వచ్చి అన్నం కూడా తినకుండా ఫోనులో వీడియోలు చూసేవాడు. నీళ్లు మార్చాడు. దీపాలు వెలిగే గంటలు తగ్గించాడు. తొట్టి చుట్టూ నల్లగుడ్డ కప్పి కొన్నాళ్లు చీకట్లో ఉంచాడు. ఆ రోజుల్లో హాలంతా ఎవరో జబ్బుతో పడుకున్న గదిలా ఉండేది. పాకురు మేసే నత్తలు తెప్పించాడు. అవి రాత్రింబవళ్లు మేసినా, మేసినంత మేరా మళ్లీ మొలిచేది. కొన్నాళ్లకు నత్తలే ఒక్కొక్కటిగా చచ్చాయి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి మందుచుక్కలు వేస్తే, నీళ్లలో కుళ్లు ఎంతుందో రంగు చెప్పేది. ఎన్నిసార్లు నీళ్లు మార్చినా ఆ రంగు మళ్లీ ముదురుగానే తేలేది.

"మేత ఎక్కువ ఏస్తున్నవా?" అని అడిగాడు ఒకరోజు.

"లేదు."

"ఏస్తే ఏసిన అను. ఏం అనను."

"లేదు," అంది అంకిత మళ్లీ. అతను నమ్మాడు. కానీ గొట్టంలో రంగు నమ్మనివ్వలేదు.

ఆ వారం మధ్యలో అన్నం దగ్గర కూర్చుని, గోడ వైపు చూస్తూ చెప్పాడు. "ఐతారం హైదరాబాద్ నుంచి మనిషి వస్తడు. తొట్టి తీస్కపొమ్మన్న. చాపలన్న బతుకుతయి." కంచం పక్కకు జరిపాడు. "దీన్ని గూడ నిలబెట్టుకోలేకపోయిన."

'గూడ' అన్న మాట దగ్గర అంకిత ఆగిపోయింది. దోస్తు ఊరికే ఇచ్చాడన్న తొట్టి, తను ఇంటికి తిరిగివచ్చే రోజుకు నీళ్లు నిండి, చేపలు తిరుగుతూ సిద్ధంగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది. అతను నోటితో చెప్పలేనిది హాల్లో తెచ్చి పెట్టాడు. ఆదివారం దాన్ని ఎత్తుకుపోతారు. ఎత్తుకుపోతే ఆ మాట ఈ ఇంట్లో ఇక ఎన్నటికీ పుట్టదు. ఆ తొట్టి ఆ మూల ఉండాలని ఆమె గట్టిగా కోరుకుంది. తన చదువు కోసం కూడా అంతగా కోరుకోలేదు.

అప్పటినుంచి తొట్టిని కొట్టులో చేతులు చూసినట్టు చూడడం మొదలుపెట్టింది. పాకురు అన్ని రాళ్ల మీదా ఉన్నా, వెనక మూల అన్నిటికంటే చిక్కగా ఉంది. అది పూజగదికి దగ్గరి మూల. పైమూత మీద ఒకచోట కుంకుమ అంటిన వేలిముద్ర ఉంది. తెల్లవారాక, ఇంకా తొట్టి దీపాలు వెలగకముందు, పూజగదిలో గంట మోగుతుంది. ఆ గంట మోగగానే, నిద్రమబ్బులో తేలుతున్న చేపలన్నీ ఒక్కటొక్కటే కదిలి ఆ మూలకు చేరేవి. రాళ్ల సందుల్లోంచి శంఖం మోసుకుంటూ పీత కూడా బయలుదేరేది.

శుక్రవారం ఉదయం ఆమె వంటింటి గడప దగ్గర నిలబడింది. గంట ఆగింది. కస్తూరమ్మ తడి కొంగు బొడ్లో దోపుకుని, చిన్న వెండి గిన్నెతో వచ్చింది. మూత పక్కకు జరిపి, గోధుమపిండి ఉండలు ఒక్కొక్కటే మూలన జారవిడిచింది. చేపలు కొన్నిటిని అందుకున్నాయి. మిగిలినవి రాయి వెనక్కి, ఎవరికీ కనపడని చోటికి దిగిపోయాయి.

అంకితకు ముందు కోపం వచ్చింది. ఇన్ని నెలల కష్టం, ఇన్ని చచ్చిన నత్తలు, భర్త మొహం మీది ఓటమి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అడుగు ముందుకు వేసింది. అప్పుడు అత్తమ్మ గొంతు వినిపించింది.

"తిను బిడ్డా. జరంత తిను. మీ నాయినమ్మను నేను."

అడుగు అక్కడే ఆగింది. అంకిత వంటింట్లోకి వచ్చి గోడకు వీపు ఆనించి నిలబడింది. ఆ రోజంతా ఏం వండిందో, ఎవరికి ఏం వడ్డించిందో ఆమెకు తెలియలేదు. కిషన్‌కు చెబితే తొట్టి నిలుస్తుంది, కానీ కొడుకు ముందు ఆ తల్లి తల దించుకోవాలి. చెప్పకపోతే సముద్రం పోతుంది. అసలు చెప్పడమే తనకు రాని పని.

శనివారం గంట మోగేసరికి అంకిత తొట్టి పక్కనే కింద కూర్చుని ఉంది. కస్తూరమ్మ గిన్నెతో వచ్చి చూసి, గిన్నెను కొంగు చాటుకు లాక్కుంది.

"ఏందే, గింత పొద్దుగాల లేసినవ్?"

"అత్తమ్మా, ఎవరికి పెడుతున్నరు?"

కస్తూరమ్మ ఎప్పుడూ మాటకు వెతుక్కునే మనిషి కాదు. ఇప్పుడు వెతుక్కుంది. చివరికి మోకాళ్లు పట్టుకుని కోడలి పక్కన కూలబడింది.

"పుట్టి పోయినోళ్లకు పిండం పెడ్తరు. పుట్టకుంట పోయినోళ్లకు పెట్టరు బిడ్డా. అయ్యగారిని అడిగిన. అట్లాంటియి లెవ్వమ్మ అన్నడు. మా అమ్మ అయితే ఎవరు పోయినా కాగ్నా ఏట్ల చాపలకు పిండేస్తుండె. నా మోకాళ్లకు ఏరు దాంక పోవుడు అయితదా? ఇంట్లనే చాపలొచ్చినయి. దేవుడే పంపిండు అనుకున్న." గిన్నె ఒళ్లో పెట్టుకుంది. "నా కండ్లల్ల పొల్లనే తిరుగుతది. పొల్లనో పోరడో ఎవరు చూసొచ్చిండ్రు గని, నాకు పొల్లనే."

అంకిత ఏడుస్తుందని ఇన్నాళ్లూ అందరూ భయపడ్డారు. ఆమె ఏడవలేదు. ఆ మాట అనేవాళ్లు ఇంట్లో ఒకరున్నందుకు గుండెలో ఏదో బరువు జరిగి, ఊపిరికి చోటు వచ్చింది. చేయి చాచి అత్తమ్మ మోకాలి మీద పెట్టింది. పెట్టి, చెప్పాల్సింది చెప్పింది.

"అత్తమ్మా, ఆ పిండే పాకురయితుంది."

"ఏంది?"

"తినంగ మిగిలింది రాయి ఎనక కుళ్లుతుంది. అది తినుకుంటనే ఈ పాకురు పెరుగుతుంది. పగడాలు దాని కిందనే పోతున్నయి."

కస్తూరమ్మ తొట్టి వైపు చూసింది. పచ్చటి వెంట్రుకలు ఒక పక్కకు వాలి, మళ్లీ లేచాయి. "అంటే వాడు గన్ని దినాలు పరేషాన్ అయింది నా వల్లనా," అంది. తర్వాత, చాలా మెల్లగా అడిగింది. "ఇప్పుడు బందు జేస్తే దానికి ఆకలి గాదా?"

ఈ ప్రశ్నకు ఏ వీడియోలోనూ జవాబు లేదు. అంకిత నీళ్లలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ జుట్టు ఊగుతోంది. ఎంత బాగా ఎదిగింది, అనుకుంది. ఎన్నాళ్ల జుట్టు ఇది. ఆమె ఆలోచించి అనలేదు, నోట్లోంచి వచ్చేసింది.

"ఇప్పటికి తలనిండ జుట్టు ఉంటుండె అత్తమ్మా."

కస్తూరమ్మ చప్పున తిరిగి చూసింది. కోడల్ని, తొట్టిని, మళ్లీ కోడల్ని చూసింది. మోకాళ్ల నొప్పి మరిచి లేచి నిలబడింది.

"మూడో ఏడు నడుస్తుంది. పుట్టెంట్రుకలు తియ్యాల్సిన ఏడు," అంది. "తీద్దం. పెట్టుడు అయిపాయె, ఇగ తీద్దం. మేనమామ ఉండాలె గద. మీ తమ్మునికి ఫోన్ జెయ్యి. వద్దు, నీకు మాట రాదు, నేనే చేస్త."

ఏం చెప్పిందో ఏమో, ఆదివారం పొద్దున బండికి వికారాబాద్ నుంచి తమ్ముడు మనీష్ దిగాడు. ఒక చేతిలో కొత్త తువాలు, ఇంకో చేతిలో మిఠాయి డబ్బా, మొహం నిండా నవ్వు.

"నాకు ముందుగాల చెప్పొద్దా అక్కా? అత్తమ్మ ఫోన్ జేసి మేనమామవు రా, కొత్త గుడ్డ తే అంటే రాత్రంత నిద్ర లేదు. ఎన్నో నెల?"

అక్క మొహం చూసి అతని నవ్వు ఆగింది. డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. అదే సమయానికి కిషన్ పైపులు, ఖాళీ డబ్బాలు పట్టుకుని హాల్లోకి వచ్చాడు. తొట్టి ఖాళీ చేయడానికి సిద్ధపడుతున్నాడు.

"మనీష్, నువ్వెప్పుడొచ్చినవ్? ఏందమ్మా ఇదంత?"

బల్ల పక్కన పీట వేసి ఉంది. పళ్లెంలో పసుపు, కుంకుమ. కస్తూరమ్మ గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని ఉంది.

"పుట్టెంట్రుకలు తీస్తున్నం రా."

"ఎవరియి?"

"ముందుగాల నేను చెప్పేది ఇను. ఆ తొట్ల నేను పిండేసిన. దినాం ఏసిన. అందుకే గడ్డి మొలిచిందంట."

కిషన్ చేతిలోని డబ్బాలు కింద పెట్టాడు. "దినామా?" అన్నాడు. "నేను చీకట్ల పెట్టినప్పుడు గూడనా?"

"గుడ్డ లేపి ఏసిన."

"అమ్మా, నేను మనిషిని గానా? ఒక్క మాట చెప్తే అయిపోవు గద. నత్తలు చచ్చె, పగడాలు చచ్చె. ఎవరి కోసం ఏసినవ్ అసలు?"

కస్తూరమ్మ నిన్న కోడలికి చెప్పగలిగింది కొడుకు మొహం చూసి చెప్పలేకపోయింది.

"మన దానికి," అంది అంకిత.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె నేల చూడలేదు. "మన పుట్టని దానికి. అత్తమ్మ అన్నం పెట్టింది. మీరు ఈ తొట్టి తెచ్చిండ్రు. ఇద్దరు ఒక్కదానికే చేసిండ్రు. ఒగరికొగరు చెప్పుకోలే, గంతే."

మనీష్ మిఠాయి డబ్బాను గూట్లో వెనక్కి నెట్టి పెట్టాడు. చొక్కా చేయి మడుచుకుని పీట మీద కూర్చున్నాడు. "నేనేం జెయ్యాలె అత్తమ్మా?" అన్నాడు.

"తడి చెయ్యితోటి మొదటిది నువ్వు తియ్యి. మెల్లగ. మొదట్లకు పట్టి తియ్యి."

అతను మోచేతి దాకా నీళ్లలో ముంచి, వెనక మూల రాయి మీది జుట్టు పట్టుకున్నాడు. లాగాడు. పచ్చటి పాయ ఊడి వచ్చింది. దాని వెంట చిన్న చిన్న పోగులు నీళ్లలో తేలిపోయాయి.

"అట్ల గాదు," అన్నాడు కిషన్. వచ్చి పైపు ఒక కొస నీళ్లలో పెట్టి, ఇంకో కొస బకెట్లో వేశాడు. "ఊకె పీకితే ముక్కలు తేలిపోయి ఇంకో దిక్కు మొలుస్తయి. పీకేకాడ పైపు పెట్టాలె. నువ్వు తియ్యి, నేను పట్టుకుంట."

ఒకరు తీయడం, ఒకరు పట్టడం. కస్తూరమ్మ తీసిన పాయలను కొత్త తువాలులో పరిచింది. ఆమె వంతు వచ్చినప్పుడు, పిల్ల తలకు నూనె రాసినంత నెమ్మదిగా రాయిని నిమిరి తీసింది. యాదమ్మ పనికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి చూసింది. ఆమె కూడా ఆ రోజు బర్రె మాట ఎత్తలేదు. "ఆ కరివేపాకు చెట్టు మొదట్ల ఏస్తనా పెద్ద సేటమ్మా?" అని తువాలు వైపు చూపించింది.

"ఉప్పుకు చెట్టు ఎండుతది," అంది అంకిత. "కాగ్నా ఒడ్డుకు తీస్కపోదం."

ఒక్క పూటలో తెగే పాకురు కాదని నలుగురికీ తెలుసు. రాళ్లలో ఇంకా నాటుకుని ఉంది. వారం వారం తీయాలి, నీళ్లు మార్చాలి. గాజు గొట్టంలో రంగు పలచబడడానికి నెలలు పడుతుంది. కొన్ని పగడాలు ఇక తిరిగి రావు కూడా. అయినా ఆ వేళ హాల్లో ఎవరికీ తొందర లేదు. నీలం వెలుగు వాళ్ల చేతుల మీద, మెడల మీద అలలుగా నడుస్తూ ఉంది. మాటలు కూడా నీటి అడుగు నుంచి వస్తున్నట్టు మెల్లగా వస్తున్నాయి.

బల్ల మీద కిషన్ ఫోను మోగింది. హైదరాబాద్ మనిషి. కిషన్ రెండు చేతులూ నీళ్లలో ఉన్నాయి. అతను అంకిత వైపు చూశాడు. ఆమె కొంగుతో చేయి తుడుచుకుని ఫోను ఎత్తింది. తెలియని మనిషితో ఫోనులో మాట్లాడడం ఆమెకు అలవాటు లేదు.

"తొట్టి ఇయ్యం," అంది. అవతలివాడు ఏదో అడిగాడు. "లేదు. పాకురు పోలే. అయినా ఇయ్యం," అని పెట్టేసింది.

మనీష్ రెండో రాయి దగ్గరికి జరిగాడు. తల ఎత్తకుండా, చాలాసేపటి నుంచి లోపల పెట్టుకున్నది అడిగాడు. "బావా, పేరేమన్న అనుకున్నరా?"

అంకిత అలాంటిదేమీ లేదని చెప్పబోయింది. వాళ్లిద్దరూ పేరు మాట ఎప్పుడూ అనుకోలేదు.

"సాహిత్య," అన్నాడు కిషన్.

కస్తూరమ్మ చేయి నీళ్లలో ఆగింది. ఆమె పెదవులు ఆ పేరును ఒకసారి శబ్దం లేకుండా పలికాయి.

"ఎప్పుడనుకున్నరు?" అని అడిగింది అంకిత.

"నువ్వు వికారాబాద్‌ల ఉన్నప్పుడు." కిషన్ పైపును రాయి వెనక్కి జరిపాడు. "ఇగో, ఇటు పట్టు. ఎనక ఇంకా మస్తున్నది."